ఏలూరు కన్నాంబ, మదురై కణ్ణగి

మే 7 పసుపులేటి కన్నాంబగారి వర్ధంతి. ఆ తేదీ ఎప్పుడూ వేసవి సెలవుల్లోనే వస్తుంది. అందుకని మన బడిలో ఆవిడ పేరు తలుచుకునే సందర్భమే రాదు. ఈసారి సెలవులు ఇచ్చే ముందే నాలుగు మాటలు రాసి మన పేజీలో పెడదామనిపించింది. దానికి కారణం మా తమిళయ్యగారు.

మొన్న స్టాఫ్ రూములో ఆయన ఎనిమిదో తరగతికి శిలప్పదికారం కథ ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, తనకు చిన్నప్పటి నుంచీ కణ్ణగి అంటే ఒకే ముఖం గుర్తొస్తుందన్నారు. టీవీలో చూసిన పాత సినిమాలోని ముఖమట. ఆ ముఖం తెలుగావిడదని నేను చెబితే ఆయన నమ్మలేదు. పేరు చూపించాను, ఊరు చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, మరి అంత తమిళం ఎక్కడ నేర్చుకుందండీ అని అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. మన తల్లిదండ్రుల సమావేశాల్లో ప్రతి ఏడూ ఇదే ప్రశ్న తిరగేసి అడుగుతుంటారు. తెలుగు మీడియంలో చదివితే పిల్లవాడికి తమిళం వస్తుందా, రాకపోతే ఇక్కడ ఎలా బతుకుతాడు అని. 2006 చట్టం వచ్చి ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయ్యాక ఆ భయం ఇంకొంచెం పెరిగింది. నేను సినిమా పరిశోధకుణ్ణి కాను. కానీ ఈ ప్రశ్నకు కన్నాంబగారి జీవితంలో దొరికేంత మంచి జవాబు నాకు ఇంకెక్కడా కనబడలేదు.

కన్నాంబగారు పెరిగింది ఏలూరులో, అమ్మమ్మగారింట. పెద్ద చదువులేమీ లేవు. గొంతు మాత్రం ఉంది. ఆ రోజుల్లో ఏలూరు నాటకాల ఊరు. తెల్లవార్లూ పద్యనాటకాలు ఆడేవారు, స్త్రీ పాత్రలు చాలాచోట్ల మగవాళ్ళే వేసేవారు. ఆమె రంగస్థలం మీదికి ఎలా వచ్చారనేదానికి ఒక కథ ప్రచారంలో ఉంది. హరిశ్చంద్ర నాటకం నడుస్తోంది. చంద్రమతి వేషం వేసినాయన పద్యం సరిగ్గా పాడలేకపోయాడు, జనం గోల చేశారు. అప్పుడు ప్రేక్షకుల్లోంచి ఒక చిన్న అమ్మాయి లేచి ఆ పద్యం అందుకుని పాడిందట. ఆ అమ్మాయే తర్వాత ఆ సమాజంలో చంద్రమతి అయింది. కథలో ఎంత నిజం ఉందో ఎంత తర్వాత చేరిందో గానీ, ఆమె బతుకంతా ఆ చంద్రమతి వెంటే నడిచిందన్నది మాత్రం నిజం.

నాటకాల్లో ఉండగానే కడారు నాగభూషణంగారితో వివాహమైంది. ఇద్దరూ కలిసి రాజరాజేశ్వరి పేరుతో సొంత నాటక సమాజం పెట్టుకుని ఊళ్ళు తిరిగారు. మైకులు లేని కాలం. చివరి వరసలో చాప మీద కూర్చున్నవాడికి కూడా ప్రతి అక్షరం వినబడాలి. సమాసం పొడవైనా ఊపిరి మధ్యలో తెగకూడదు, అర్థం చెడకూడదు. నేటి పిల్లలకు పద్యం కంఠతా పెట్టమంటే ఎందుకండీ అంటారు. ఎందుకో తెలియాలంటే కన్నాంబగారి తర్వాతి ఇరవై ఏళ్ళు చూడాలి.

1935లో పి. పుల్లయ్యగారు తీసిన హరిశ్చంద్రతో ఆమె సినిమాకు వచ్చారు. అద్దంకి శ్రీరామమూర్తి హరిశ్చంద్రుడు, ఈమె చంద్రమతి. అంటే నాటకంలో చేసిందే తెర మీదా చేశారు. మరుసటి సంవత్సరం ఒక తమాషా జరిగింది. ఒకే కథను ఇద్దరు పోటీపడి తీశారు. ఒకటి ద్రౌపదీ వస్త్రాపహరణం, ఇంకొకటి ద్రౌపదీ మానసంరక్షణం. రెండోదాంట్లో దుర్యోధనుడిగా సాక్షాత్తూ బళ్ళారి రాఘవగారు ఉన్నారు. అయినా జనం మొదటిదాన్నే ఎక్కువ ఆదరించారు. దాంట్లో ద్రౌపది కన్నాంబ. సభలో నిలబడి పెద్దల్ని నిలదీసే ఆడది అనగానే ఆమె గుర్తుకు రావడం అప్పటి నుంచే మొదలైందనుకుంటాను. ఇది గుర్తు పెట్టుకోండి, కణ్ణగి దగ్గర మళ్ళీ కావాలి.

1937లో సారంగధర. రాజమహేంద్రవరం కథ. సవతి కొడుకు మీద మనసుపడి, కాదన్నాడని అతని కాళ్ళూ చేతులూ నరికించే దాకా పోయిన చిత్రాంగి పాత్ర. చంద్రమతిగా కన్నీళ్ళు పెట్టించిన మనిషి రెండేళ్ళలోనే ఇలాంటి పాత్రకు ఒప్పుకోవడం మామూలు ధైర్యం కాదు. ఆ తర్వాత 1938లో హెచ్.ఎం. రెడ్డిగారి గృహలక్ష్మి. చిత్తూరు నాగయ్యగారికి అదే మొదటి సినిమా. తాగుడూ వేశ్యాలోలత్వమూ నాశనం చేసిన ఒక ఇల్లు, ఆ ఇంటి ఇల్లాలు రాధగా కన్నాంబ. చివరికి మతి చెడిపోయి వీధుల్లో పడి తిరిగే ఆ సన్నివేశాల గురించి మా నాయనగారి తరం వాళ్ళు కూడా చెప్పుకోగా విన్నాను. పురాణపాత్రలకే సరిపోతుందనుకున్న మనిషి సాంఘికంలోనూ నిలబడింది.

అప్పట్లో తెలుగు, తమిళ సినిమాలు రెండింటికీ మద్రాసే ఇల్లు. ఒకే స్టూడియోలో పక్కపక్క ఫ్లోర్లలో రెండు భాషలు వినబడేవి. నాగభూషణం దంపతులు కూడా మద్రాసులోనే రాజరాజేశ్వరి ఫిలిం కంపెనీ పెట్టి, 1941లో తల్లిప్రేమతో మొదలుపెట్టారు. ఈలోగానే 1940లో కృష్ణన్ తూదు అనే సినిమాతో కన్నాంబగారు తమిళంలోకి అడుగుపెట్టారు. తూదు అంటే దూత్యం, రాయబారం. తెలిసిన భారతకథే, భాషే కొత్తది.

1941లో అశోక్‌కుమార్ వచ్చింది. త్యాగరాజ భాగవతార్ కునాలుడు, మన నాగయ్యగారు అశోక చక్రవర్తి, కన్నాంబగారు తిష్యరక్షిత. కునాలుడి మీద మోహపడి, కాదన్నందుకు అతని కళ్ళు తీయించిన సవతి తల్లి. చిత్రాంగికి అక్కచెల్లెలి లాంటి పాత్ర. తెలుగులో పండిన పాత్రను చూసే ఆమెను పిలిచి ఉంటారని నా ఊహ. చక్రవర్తీ రాణీ ఇద్దరూ తెలుగువాళ్ళు, మాట్లాడుకునేది తమిళం!

ఇక 1942. జూపిటర్ వారి కణ్ణగి.

కథ మన పిల్లలకు తమిళ పుస్తకంలో ఉంటుంది గానీ పెద్దల కోసం క్లుప్తంగా చెబుతాను. పూంపుగారు పట్నంలో కోవలన్ అనే వర్తకుడు మాధవి మోజులో పడి ఆస్తి పోగొట్టుకుంటాడు. భార్య కణ్ణగితో మదురై చేరతాడు. బతుకు తిరిగి మొదలుపెట్టడానికి ఆమె కాలి అందె ఒకటి అమ్మబోతాడు. రాణిగారి అందెను కాజేసిన కంసాలి ఆ దొంగతనం ఇతని మీదికి తోస్తాడు. రాజు విచారణ లేకుండా చంపిస్తాడు. మిగిలిన ఒంటి అందె చేత పట్టుకుని కణ్ణగి పాండ్యరాజు కొలువులోకి వెళ్ళి న్యాయం అడుగుతుంది. రాణి అందెలో ముత్యాలు, కణ్ణగి అందెలో కెంపులు. పగలగొడితే కెంపులు చెదిరిపడతాయి. రాజు తప్పు తెలుసుకుని అక్కడికక్కడే ప్రాణం విడుస్తాడు. మదురై తగలబడుతుంది.

తమిళులకు ఇది ఒక కథ మాత్రమే కాదు. ఇళంగో అడిగళ్ కావ్యం వాళ్ళ భాషకు ఆభరణం. అలాంటి పాత్రను, తమిళ సినిమాకు వచ్చి రెండేళ్ళు కూడా కాని తెలుగామెకు ఇచ్చారు. పైగా మాటలు రాసింది ఇళంగోవన్. తమిళ సినిమాల్లో నిండైన, సాహిత్యం ఉట్టిపడే వచనం తెచ్చి పేరు పొందిన రచయిత ఆయన. వాడుకమాటలతో దాటేసే వీలు లేదు. ప్రతి వాక్యం పొడుగ్గా, తూకంగా ఉంటుంది. పలుకు ఎక్కడ తడబడినా హాలంతా నవ్వుతుంది.

కష్టం ఎక్కడుందో మన తెలుగు పిల్లలకు నేను చెప్పక్కర్లేదు, వాళ్ళు రోజూ పడేదే. తమిళంలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం. చోటును బట్టి పలకాలి. కణ్ణగి అనే మాటలోనే మొదటి అక్షరమూ చివరి అక్షరమూ రాతలో ఒకే హల్లు, పలుకులో రెండు. తెలుగులో రాసినట్టు చదవడానికి అలవాటుపడ్డ నాలుకకు ఇది చిక్కు. రెండోది, తమిళ్ అనే మాట చివర ఉన్న ఆ ధ్వని. మనం ళ అనేసి ఊరుకుంటాం. నిజానికి అది మన దగ్గరా ఒకప్పుడు ఉండేదే. కడప ప్రాంతంలో దొరికిన రేనాటి చోళుల తెలుగు శాసనాల్లో దానికి ప్రత్యేకంగా అక్షరమే ఉంది. తర్వాత మన నోట జారిపోయింది, తమిళుల నోట నిలిచింది. మూడోది ణకారం. మనం కన్ను అంటాం, వాళ్ళు కణ్ అంటారు. మాట ఒకటే. ఆవిడ పేరునే చూడండి. తెలుగు పోస్టర్ మీద కన్నాంబ, తమిళ పోస్టర్ మీద కణ్ణాంబా. ఒక్క పొల్లు తేడాతో ఆవిడ రెండు భాషల్లోనూ సొంత మనిషి అయిపోయారు.

సంభాషణలు తెలుగు లిపిలో రాయించుకుని సాధన చేసేవారని చెబుతారు. ఇది నాకు చాలా నచ్చిన విషయం. తెలియని భాషను తెలిసిన లిపి చేత పట్టుకుని దాటడం. తెలుగు లిపిలో క, గ వేరు, త, ద వేరు, ప, బ వేరు. ఏ చోట ఏది పలకాలో తమిళ లిపి చెప్పని సంగతి తెలుగు లిపి స్పష్టంగా చెబుతుంది. మా దగ్గర ఆరో తరగతి పిల్లలు తమిళ పద్యాల పైన పెన్సిలుతో తెలుగు అక్షరాలు రాసుకుంటుంటే కొందరు మాస్టర్లు కోప్పడేవారు. నేనూ ఒకప్పుడు కోప్పడినవాణ్ణే. ఇప్పుడు కొన్నాళ్ళ పాటు రాసుకోనివ్వండి అంటున్నాను.

సినిమా పెద్ద విజయం. కోవలన్‌గా పి.యు. చిన్నప్ప అప్పటి అగ్రనటుడు. అయినా కొలువు దృశ్యంలో చూసేవాడి కళ్ళు ఆమె మీది నుంచి కదలవు. జుట్టు విరబోసుకుని, చేతిలో అందెతో, రాజును నిలదీసే ఆ గొంతు. నేను ఆ దృశ్యం చూసినప్పుడల్లా ద్రౌపది గుర్తొస్తుంది. భర్తకు జరిగిన అన్యాయానికీ తనకు జరిగిన అవమానానికీ నిండు సభలో జవాబు అడిగే స్త్రీని ఆమె ఆరేళ్ళ ముందే తెలుగులో సాధన చేసి ఉన్నారు. కణ్ణగికి కావలసిన తమిళం ఆమె కొత్తగా నేర్చుకున్నారు. కణ్ణగికి కావలసిన ఊపిరి మాత్రం ఏలూరు నాటకాల్లో ఎప్పుడో సంపాదించుకున్నదే. మా తమిళయ్యగారి ప్రశ్నకు నేను చెప్పిన జవాబు ఇదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. తమిళంలో అంత పేరొచ్చాక తెలుగును వదిలేసి ఉండవచ్చు. చాలామంది అలాగే ఒక గట్టున స్థిరపడ్డారు. ఈవిడ చివరి దాకా రెండు గట్ల మీదా ఉన్నారు. వరస చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. 1935లో తెలుగు చంద్రమతి, 1944లో తమ సొంత కంపెనీ తీసిన తమిళ హరిశ్చంద్రలో చిన్నప్ప సరసన మళ్ళీ చంద్రమతి. తెలుగు చిత్రాంగి, తమిళ తిష్యరక్షిత. 1957లో శరత్‌బాబు నవల ఆధారంగా వచ్చిన తోడికోడళ్ళులో ఇంటి పెద్ద కోడలు, అదే ఏడు తమిళంలో ఎంగళ్ వీట్టు మహాలక్ష్మిలోనూ ఆ పాత్రే. 1960లో పడిక్కాద మేదై, 1962లో ఆత్మబంధువు, రెండూ ఒకే కథ. రెండింట్లోనూ ఎస్వీ రంగారావుగారికి భార్య. ఒకే పాఠాన్ని రెండు నోటుపుస్తకాల్లో రాసుకున్నట్టు ఉంటుంది ఆవిడ జీవితం.

తెలుగులో 1947 నాటి పల్నాటి యుద్ధం గురించి చెప్పకుండా ఉండలేను. గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలుపెట్టి, మధ్యలో కన్నుమూస్తే ఎల్.వి. ప్రసాద్‌గారు పూర్తి చేసిన సినిమా. గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, కన్నాంబ నాయకురాలు నాగమ్మ. నాగమ్మ అంటే మన కథల్లో కుట్రలకు మారుపేరుగా చెప్పేస్తారు. ఈవిడ చేసిన నాగమ్మ మాత్రం రాజ్యం నడపగల మనిషిలా కనిపిస్తుంది. ఎదుటి పక్షం తప్పు చేసినా ఆమె తెలివిని తక్కువ చేయలేం.

ఆ ఎల్.వి. ప్రసాద్‌గారే 1954లో తమిళంలో మనోహర తీశారు. ప్రసాద్‌గారిది ఏలూరు పక్కన సోమవరప్పాడు. ఏలూరు వైపు మనుషులు ఇద్దరు, ఒకరు దర్శకత్వంలో, ఒకరు ప్రధాన పాత్రలో, తమిళ సినిమా చరిత్రలో మాటల కోసమే చెప్పుకునే సినిమాకు పనిచేశారన్నమాట. మాటలు రాసింది కరుణానిధిగారు, కొడుకు మనోహరుడు శివాజీ గణేశన్. రాజు వసంతసేన మాయలో పడి భార్యను దూరం పెడతాడు. కొడుకు ఉడికిపోతుంటాడు. తండ్రి మీద చెయ్యెత్తకూడదని తల్లి మాట తీసుకుని అతన్ని ఆపి ఉంచుతుంది. సినిమా పొడుగునా ఆమె పని ఆపడమే. చివరికి కొలువులో కొడుకును సంకెళ్ళతో కట్టేశాక, ఇక చాలు, లే అని తల్లే ఆజ్ఞ ఇస్తుంది. గొలుసులు తెంపేది శివాజీయే గానీ, తెంపే బలం ఆ తల్లి గొంతులోంచి వచ్చినట్టుంటుంది. శివాజీ ఎదురుగా ఉన్నప్పుడు మాటల్లో ఎవరూ నిలబడలేరంటారు. ఈవిడ నిలబడ్డారు, అదీ తన తల్లిభాష కాని భాషలో. కణ్ణగికీ దీనికీ మధ్య పన్నెండేళ్ళు. ఈ లోపు తెలుగు లిపి ఊతకర్ర అవసరం తీరిపోయే ఉంటుంది.

తర్వాత అమ్మ పాత్రలే ఎక్కువ. ఎం.జి.ఆర్‌కు తల్లి, శివాజీకి తల్లి. లవకుశ (1963)లో కౌసల్య. ఈ పాత్రల్లో ఎక్కువ చెప్పుకోవడానికి ఉండదు. చాలావాటిలో ఆమెకు ఇచ్చిన పని ఏడవడమే. నాగమ్మను, కణ్ణగిని చూశాక ఆ సినిమాలు చూస్తే నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. నలభై దాటిన నటికి తల్లి పాత్ర తప్ప ఇంకేమీ రాయడం అప్పటి మన రచయితలకు చేతకాలేదు. ఆ లోపం రెండు భాషల్లోనూ ఒకేలా ఉంది.

నటన ఒక పక్క, కంపెనీ ఒక పక్క. నాగభూషణంగారు దర్శకుడు, నిర్మాత. దక్షయజ్ఞం (1962) దాకా తెలుగు, తమిళాల్లో కలిపి ఇరవైకి పైగా సినిమాలు తీశారు. నటిగా ఆమె సంపాదించిన డబ్బూ ఆమె పేరూ ఆ కంపెనీకి పెట్టుబడి. 1964 మే 7న మద్రాసులో ఆమె కన్నుమూశారు. యాభై దాటి ఎంతో కాలం కాలేదు. ఆమె పోయాక కంపెనీ కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

నాలుగేళ్ళకు, 1968 జనవరిలో ప్రపంచ తమిళ మహాసభల సందర్భంగా మెరీనా ఒడ్డున కణ్ణగి విగ్రహం నిలబెట్టారు. ఒక చెయ్యి చాచి, ఇంకో చేతిలో అందె పట్టుకుని ఉంటుంది. 2001లో తీసేశారు, పెద్ద గొడవ జరిగింది, 2006లో మళ్ళీ పెట్టారు. పిల్లల్ని చెన్నై విహారయాత్రకు తీసుకెళ్ళినప్పుడు అక్కడ ఆగుతాం. బస్సు దిగగానే అందరూ సముద్రం వైపు పరిగెడతారు. ఈసారి వెళ్ళినప్పుడు ఐదు నిమిషాలు ఆపి ఆ విగ్రహం దగ్గర మా తమిళయ్యగారు తమిళంలో కణ్ణగి కథ, నేను తెలుగులో కన్నాంబగారి కథ చెప్పాలని ఇద్దరం అనుకున్నాం. ఎవరు ముందు చెప్పాలన్నది మాత్రం ఇంకా తేలలేదు.